కంచెలో కాసే పంట

బళ్లారి జిల్లా ఎండలకు పేరుపడ్డ సీమ. ఇక్కడ వాన తక్కువ. తుంగభద్ర కాలువ నీరు అందే చోట వరి, మిరప పండుతాయి. కాలువ అందని మెట్ట పొలాలలో జొన్న, సజ్జ, వేరుసెనగ వేస్తారు. ఇటువంటి మెట్ట నేలలో కూడా పెద్దగా నీరు, ఎరువు కోరకుండా ఏటేటా కాపునిచ్చే పొద ఒకటి ఉంది. అదే వాక్కాయ పొద.

వాక్కాయ పొద కొమ్మలనిండా గట్టి ముళ్లుంటాయి. మేకలు కూడా దాని జోలికి పోవడానికి వెనుకాడతాయి. అందుకే పూర్వం రైతులు పొలాల గట్ల మీద, పెరటి హద్దుల మీద దీనిని కంచెగా పెంచేవారు. ఎండాకాలంలో ఈ పొద మల్లెల వంటి తెల్లని పూలు పూస్తుంది. వానలు మొదలయ్యే వేళకు గుత్తులు గుత్తులుగా కాయలు కాస్తుంది. కాయ మొదట పచ్చగా ఉంటుంది. తరువాత గులాబి రంగుకు తిరిగి, పండితే నల్లని ఊదారంగుకు వస్తుంది. పచ్చికాయ నాలుక జివ్వుమనేంత పులుపు. పండులో పులుపుతో పాటు కొంచెం తీపి కూడా ఉంటుంది.

ఈ కాయకు పేర్లు చాలా ఉన్నాయి. కోస్తా జిల్లాల వారు వాక్కాయ అంటారు. రాయలసీమలో కలేకాయ, కలివికాయ అనే పేర్లు వినిపిస్తాయి. కన్నడంలో కవళికాయ, కరండెకాయ అంటారు. తమిళులు కళాక్కాయ అంటారు. సంస్కృతంలో దీని పేరు కరమర్దకం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు, పాత బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి. మిగిలిన తాలూకాలు మైసూరు రాష్ట్రంలో చేరాయి. రాష్ట్రాల హద్దు మారింది కాని, పొలం గట్టు మీది పొద మారలేదు. అందుచేత ఈ సరిహద్దు ఊళ్లలో ఒకే కాయను ఒక ఇంట తెలుగు పేరుతోను, పక్కింట కన్నడ పేరుతోను పిలవడం వింత కాదు.

వాక్కాయలు దొరికేది కొద్ది వారాలే. పండిన కాయలు రాలిపోతాయి. పక్షులు కొన్ని తింటాయి. కోసి ఇంట్లో పెట్టినా పండ్లు రెండు మూడు రోజులకే మెత్తబడతాయి. ఆ కొద్ది రోజుల పంటను ఏడాది పొడుగునా వాడుకొనే ఉపాయం ఇంటి ఆడవాళ్లు కనిపెట్టారు. తల్లి చేస్తూంటే కూతురు చూసి నేర్చుకొన్న విద్య ఇది.

కాయను కోసినప్పుడు తొడిమ నుండి పాలు కారి చేతికి జిగురుగా అంటుకొంటాయి. అందుకని ముందుగా చేతులకు కొంచెం నూనె రాసుకోవాలి. కాయలను కడిగి, రెండుగా చీల్చి, లోపలి గింజలను తీసివేయాలి. ఈ కాయ పులుపు రాగిని, అల్యూమినియంను తింటుంది. కనుక వండడానికి స్టీలు గిన్నెలు, నిలవకు పింగాణీ జాడీలు, గాజు సీసాలు వాడాలి.

పప్పులో చింతపండుకు బదులు వాక్కాయలు వేయవచ్చు. అరకప్పు కందిపప్పుకు ఎనిమిది, పది కాయలు చాలు. ముక్కలను పచ్చిమిరపకాయలతో కలిపి ఉడికించి, పప్పులో వేసి మెదిపి, పోపు పెడతారు. జొన్నరొట్టెలోకి వాక్కాయ పచ్చడి ఎంతో రుచి.

నిలవ చేసే పద్ధతులలో మొదటిది ఒరుగులు. ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి, గలగలలాడేదాకా ఎండబెట్టి దాచుకోవాలి. కాయల కాలంలో మబ్బులుంటాయి గనుక ఎండ కాసిన రోజును వదులుకోకూడదు. చెమ్మ మిగిలితే ఒరుగులు బూజు పడతాయి.

రెండవది ఊరగాయ. తడి లేని ఒక కిలో ముక్కలకు సుమారు 150 గ్రాముల ఉప్పు, చెంచాడు పసుపు కలిపి జాడీలో పెడతారు. మూడు రోజులలో ఊట దిగుతుంది. ముక్కలను ఒకరోజు ఎండలో పెట్టి మళ్లీ ఊటలో వేస్తారు. కారం, ఆవపొడి, మెంతిపొడి కలిపి, కాచి చల్లార్చిన నూనెను ముక్కలు మునిగేదాకా పోస్తారు. ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది. అంత ఉప్పు, అంత పులుపు ఉన్న చోట కుళ్లబెట్టే క్రిములు పెరగడం కష్టం. నూనె గాలి తగలకుండా కాపాడుతుంది. తడి గరిటె పెట్టవద్దని పెద్దలు కోప్పడేది ఇందుకే.

మూడవది జెల్లీ. దోరకాయలను మునిగేటంత నీటిలో ఉడికించి, పలుచని గుడ్డలో వేసి, పిండకుండా వడకట్టాలి. కప్పు రసానికి ముప్పావు కప్పు చక్కెర చేర్చి మరిగించాలి. చల్లని నీటిలో ఒక చుక్క వేసినప్పుడు అది కరగకుండా ముద్దకడితే పాకం వచ్చినట్లే. ఈ కాయలో పెక్టిన్ అనే పదార్థం ఎక్కువ. జెల్లీని గడ్డకట్టించేది అదే. బాగా పండితే పెక్టిన్ తగ్గుతుంది. అందుకే జెల్లీకి దోరకాయలు మేలు.

బేకరీలో కేకు మీద ఎర్రగా మెరిసే 'చెర్రీ' పండును పిల్లలు ఇష్టంగా తింటారు. మన దేశంలో ఆ పేరుతో అమ్మేవి చాలాచోట్ల నిజమైన చెర్రీలు కావు. గింజ తీసి, రంగు వేసి, పాకంలో ఊరబెట్టిన వాక్కాయలు! దక్షిణాఫ్రికాలో కూడా ఈ జాతి మొక్కను కంచెగా పెంచి, దాని పండ్లతో జామ్ చేస్తారు.

ఒక హెచ్చరిక మరవరాదు. వాక్కాయ గన్నేరు కుటుంబానికి చెందిన మొక్క. గన్నేరు విషం. కనుక తెలియని పొదల కాయలను నోట పెట్టకూడదు. పెద్దలు గుర్తుపట్టి చెప్పిన వాటినే కోయాలి.

ఇప్పుడు పొలాల చుట్టూ రాతి కూసాలు, ఇనుప ముళ్లతీగ వచ్చాయి. తీగ వేయడం ఒక్కరోజు పని. పొద పెరగడానికి ఏళ్లు పడుతుంది. అయితే ఇనుప తీగ కాయలు కాయదు, పూలు పూయదు, పిట్టకు గూడు కాదు. కంచె పోయిన ఊళ్లో కాయ కరవవుతుంది. కాయ లేని ఇంట్లో ఒరుగులు, ఊట అనే మాటలు వినిపించవు. క్రమంగా పిల్లలకు ఆ మాటలు తెలియకుండా పోతాయి.

పోయినదానిని తిరిగి తెచ్చుకోవడం కష్టమేమీ కాదు. పండు నుండి తీసిన గింజలను ఆరిపోకముందే నాటాలి. నిలవ ఉంచితే మొలకెత్తవు. ఎదిగిన మొక్కలను తొలకరిలో గట్టు మీద మీటరు ఎడంగా పెట్టి, మొదటి ఏడు కాపాడితే చాలు. రెండు మూడేళ్లకు కాపు మొదలవుతుంది. ఆ కాయ వంటింటికి వచ్చిననాడు దాని పేరు కూడా ఇంటికి వస్తుంది.

పదాలు - అర్థాలు

మెట్ట = కాలువ, చెరువు నీరు అందని నేల
ఒరుగులు = ఎండబెట్టి నిలవ చేసిన కాయల ముక్కలు
ఊట = ఉప్పు వేసిన కాయల నుండి దిగే రసం
దోరకాయ = సగం పండిన కాయ
తొలకరి = వానకాలపు తొలి వానలు
కూసం = కంచెకు పాతే రాతి స్తంభం

ప్రశ్నలు

1. రైతులు వాక్కాయను కంచెగా ఎందుకు పెంచేవారు?
2. ఊరగాయలో ఉప్పు, నూనె చేసే పని ఏమిటి?
3. జెల్లీకి బాగా పండిన కాయలకంటే దోరకాయలు ఎందుకు మేలు?
4. "ఇనుప తీగ కాయలు కాయదు" అనడంలో భావమేమి?
5. మీ ఇంట్లో నిలవ చేసే ఒక కాయను గురించి పెద్దలను అడిగి, తయారుచేసే విధానాన్ని పది వాక్యాలలో రాయండి. ఆ కాయ తెలుగు, కన్నడ పేర్లు కూడా రాయండి.