గొలుసు ఆయుష్షు: పాత మోటారు సైకిలు, ఒమాన్ ఇసుక, కొంత విజ్ఞానం

తెలుగునాట ఒక తరం వారికి మోటారు సైకిలంటే మద్రాసులో తయారైన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్, మైసూరులో తయారైన జావా, యెజ్డీలే. సముద్రాలు దాటి వచ్చినా ఆ మమకారం ఒక పట్టాన వీడదు. అయితే ఎంజిన్‌కూ, రంగుకూ దక్కే శ్రద్ధలో పదోవంతు కూడా గొలుసుకు దక్కదు. ఆదాం నుండి హైమా మీదుగా తుమ్రైత్ వరకు సాగే నిర్జన రహదారిపై గొలుసు తెగితే ప్రయాణం ఆగిపోవటంతోనే కథ ముగియదు. తెగిన గొలుసు ముందరి పళ్ళచక్రం వద్ద చుట్టుకొని ఎంజిన్ కేసును పగలగొట్టవచ్చు. వెనుక చక్రాన్ని బిగించివేసి మనిషి ప్రాణానికే ముప్పు తేవచ్చు.

నిర్మాణం

నేటి రోలర్ గొలుసుకు మూలపురుషుడు హాన్స్ రెనాల్డ్. స్విట్జర్లాండులో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన ఈ ఇంజనీరు 1880లో దానిని రూపొందించాడు. వెలుపలి పలకలను పిన్నులు, లోపలి పలకలను బుష్‌లు కలిపి ఉంచుతాయి. పిన్ను బుష్‌లో తిరుగుతుంది. బుష్ పైనున్న రోలర్ పళ్ళచక్రపు పంటిపై దొర్లుతుంది. మెకానిక్కులు స్ప్రాకెట్ అనేది ఈ పళ్ళచక్రాన్నే. ఒక పిన్ను కేంద్రం నుండి తరువాతి పిన్ను కేంద్రం వరకు గల దూరానికి పిచ్ అని పేరు.

"చైను సాగింది" అనటం వాడుక. నిజానికి ఉక్కు పలకలు సాగవు. కీళ్ళలో పిన్నులు, బుష్‌లు అరుగుతాయి. 100 లింకుల గొలుసులో ప్రతి కీలూ మిల్లీమీటరులో పదోవంతు అరిగినా మొత్తం పొడవు 10 మి.మీ. పెరుగుతుంది. అప్పుడు గొలుసు పిచ్‌కూ, చక్రపు పిచ్‌కూ పొత్తు కుదరదు. రోలర్లు పంటి మొదట్లో కూర్చోక పైకి ఎక్కుతాయి; బరువంతా కొద్ది పళ్ళ మీదనే పడుతుంది; పళ్ళు కొక్కేల వలె వంగిన రూపం దాలుస్తాయి. అటువంటి చక్రాలపై కొత్త గొలుసు వేస్తే అదీ త్వరలోనే పాడవుతుంది. కనుక గొలుసును, రెండు చక్రాలను కలిపి మార్చటమే సరియైన పద్ధతి. పాత బుల్లెట్‌లలో వెనుక పళ్ళచక్రం బ్రేక్ డ్రమ్ముతో ఏకఖండంగా ఉండటం వలన చాలామంది వెనుకాడతారు. ఆ పొదుపు చివరకు నష్టమే.

ఎంపిక

గొలుసుపై ముద్రించిన అంకెలలో అర్థం దాగి ఉంది. మొదటి అంకె పిచ్‌ను అంగుళంలో ఎనిమిదో వంతులుగా తెలుపుతుంది. 428 అయితే అర అంగుళం, అనగా 12.7 మి.మీ.; 520, 530 అయితే 15.875 మి.మీ. మిగిలిన అంకెలు లోపలి వెడల్పును సూచిస్తాయి: 520కి పావు అంగుళం, 530కి అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు.

పళ్ళ సంఖ్యకూ లెక్క ఉంది. ముందు 17, వెనుక 38 పళ్ళుంటే నిష్పత్తి 2.24. ముందు 18 చేస్తే అది 2.11కు తగ్గుతుంది. అదే వేగానికి ఎంజిన్ సుమారు 6 శాతం తక్కువగా తిరుగుతుంది; చదును రహదారిపై అది హాయి. కాని సలాలా నుండి తుమ్రైత్ వైపు కొండ ఎక్కేటప్పుడు ఆ మేరకు లాగుడు తగ్గుతుంది. అలాగని ముందరి చక్రం మరీ చిన్నది కారాదు. గొలుసు వృత్తంగా కాక బహుభుజిగా చుట్టుకొంటుంది కాబట్టి వేగంలో ఒడిదుడుకులు పుడతాయి: 11 పళ్ళకు 4 శాతం, 17 పళ్ళకు 1.7 శాతం. సాధారణంగా లింకుల సంఖ్య సరిసంఖ్య. అందుచేత ముందరి పళ్ళు బేసిసంఖ్యలో ఉంటే ప్రతి పంటికీ లోపలి లింకు, వెలుపలి లింకు వంతులవారీగా తగిలి అరుగుదల సమానమవుతుంది.

ఇసుక, ఉప్పు

వహీబా ఇసుకతిన్నెలలో సముద్రపు గవ్వల నుండి వచ్చిన సున్నపు రేణువులతో పాటు క్వార్ట్జ్ కూడా ఉంది. మోస్ కాఠిన్య మానంలో సున్నపు ఖనిజం కాల్సైట్ స్థానం 3, క్వార్ట్జ్ స్థానం 7. జిగట గ్రీజులో క్వార్ట్జ్ రేణువులు చేరితే అది కందెనగా మిగలదు, సానపట్టే ముద్దగా మారుతుంది. మత్రా సముద్రతీరంలో మరొక శత్రువు ఉప్పు. గాలిలో తేమ 75 శాతం దాటితే సామాన్య లవణం నీటిని పీల్చుకొని ద్రవమవుతుంది. ఆ ఉప్పునీటి పొర విద్యుద్వాహకం కనుక వాన చినుకు పడకపోయినా ఇనుము తుప్పు పడుతుంది. జావా, యెజ్డీలలో గొలుసును పూర్తిగా కప్పివుంచే పెట్టె ఈ రెండింటి నుండీ రక్షణ. అందం కోసం దానిని తొలగించటం గొలుసు ఆయుష్షును తగ్గించుకోవటమే.

పోషణ

ముందుగా ఎంజిన్ ఆపి తాళంచెవి తీసివేయాలి. ఎంజిన్ నడుస్తుండగా గొలుసు తుడవబోతే గుడ్డతో పాటు వ్రేళ్ళు కూడా పళ్ళలోకి పోతాయి. పిల్లలకు ఈ మాట మరీ మరీ చెప్పాలి. మెత్తని బ్రష్షుతో కిరోసిన్ పూసి మురికి తొలగించాలి. పెట్రోలు వాడరాదు: నిప్పు ప్రమాదం ఒకటి, కొత్తరకం గొలుసులలోని రబ్బరు వలయాలు ఉబ్బి చెడటం మరొకటి.

ఆరిన తరువాత చక్రాన్ని చేతితో త్రిప్పుతూ, క్రింది వరుస లోపలి వైపున, పలకల సందులలో ఎస్.ఏ.ఇ. 90 గేర్ నూనెను చుక్కలు చుక్కలుగా వేయాలి. నూనె అవసరం కీలు లోపలే. కనుక రాత్రంతా ఉంచి పైపూతను తుడిచివేయాలి. ప్రయాణం ముగిసి గొలుసు వెచ్చగా ఉన్నప్పుడు వేస్తే నూనె పలుచనై లోనికి తేలికగా ఇంకుతుంది.

గొలుసు అంతటా ఒకే తీరుగా అరగదు. అందుచేత అతి బిగుతైన చోటును వెదకి, వాహనపు పుస్తకంలో చెప్పిన మేరకు అక్కడ వదులు ఉంచాలి. మరీ బిగిస్తే గేర్‌పెట్టె బేరింగులు దెబ్బతింటాయి. కలిపే లింకుకు క్లిప్పు ఉంటే, దాని మూసి ఉన్న కొస గొలుసు కదిలే దిశకు ఉండాలి.

చివరగా ఒక పరీక్ష. గొలుసును బిగలాగి 20 పిచ్‌లు కొలవాలి. 520, 530 రకాలకు కొత్తగా ఉన్నప్పుడు 317.5 మి.మీ. రావాలి. 2 శాతం పెరిగి 324 మి.మీ.కు చేరితే దాని సేవ ముగిసినట్లే. సలాలా ప్రయాణానికి బయలుదేరే ముందు ఈ కొలత ఇంటిలోని పిల్లలచేత తీయించటం మంచిది. పాఠ్యపుస్తకంలోని శాతాలు, ఘర్షణ, తుప్పు అనే మూడు పాఠాలూ ఆ అడుగు బద్దపై ఒక్కచోటనే కనబడతాయి.