వీడియో కూర్పు: మొదటి పనిముట్టును ఎంచుకోవడం ఎలా?

మీ పాఠశాలలో వైజ్ఞానిక ప్రదర్శన జరగబోతోందనుకోండి. చిక్కుడు గింజలు మొలకెత్తే తీరును మీరు వారం రోజులపాటు సెల్‌ఫోనుతో చిత్రీకరించారు. మొత్తం నలభై ముక్కలు వచ్చాయి. కొన్నింటిలో చెయ్యి వణికింది. కొన్నింటిలో పక్కింటి కుక్క అరుపులు వినిపిస్తున్నాయి. వీటన్నిటినుంచి 3 నిమిషాల చిత్రం తయారుకావాలి. అందుకు కంప్యూటరులో ఒక ఎడిటింగ్ ప్రోగ్రాము కావాలి. అలాంటివి డజన్లకొద్దీ ఉన్నాయి. మరి దేన్ని ఎంచుకుంటారు?

“అన్నిటికంటె గొప్పది ఏది?” అని చాలామంది అడుగుతారు. కాని కుండీలో మొక్క నాటడానికి ట్రాక్టరు ఎవరూ తేరు కదా! మీ పనికీ, మీ కంప్యూటరు శక్తికీ సరిపోయేదే మీకు మంచిది. అదేదో తేల్చుకోవాలంటే ముందు ఆ ప్రోగ్రాము లోపల ఏం జరుగుతుందో తెలియాలి.

కత్తెర ఉన్న రోజుల్లో

పాత తెలుగు సినిమాల మొదట్లో పేర్లు పడేటప్పుడు “కూర్పు” అనే మాట మీరు చూసే ఉంటారు. ఎడిటింగుకు అది చక్కని తెలుగు మాట. ఆ రోజుల్లో ఎడిటరు నిజంగానే ఫిల్మును కోసి అతికించేవాడు. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 బొమ్మలుంటాయి. తెరమీద సెకనుకు 24 బొమ్మలు కదలాలి. అంటే సెకనుకు అడుగున్నర, నిమిషానికి 90 అడుగుల ఫిల్ము! 1924లో ఇవాన్ సెర్రూరియర్ రూపొందించిన మూవియోలా అనే యంత్రంలో బొమ్మలను చూస్తూ, ఎక్కడ కొయ్యాలో నిర్ణయించేవారు.

ఇక్కడ ఒక జాగ్రత్త గమనించండి. ఎడిటరు అసలు నెగటివును ముట్టుకునేవాడు కాడు. దానినుంచి తీసిన నకలు మీదనే కోతలన్నీ సాగేవి. కూర్పు పూర్తయిన తరువాతనే, ఆ నకలును అనుసరించి నెగటివును కోసేవారు. పొరపాటు జరిగితే నకలు పోతుంది గాని, అసలు పోదు.

కోయకుండానే కోత

నేటి ప్రోగ్రాములు ఇంకొక అడుగు ముందుకు వేశాయి. మీరు తెరమీద కత్తెర గుర్తును నొక్కినప్పుడు మీ వీడియోలో ఏదీ తెగదు. “7వ ముక్కలో 4వ సెకను నుంచి 9వ సెకను వరకు చూపించు, ఆ తరువాత 12వ ముక్క” అని ప్రోగ్రాము ఒక జాబితా రాసుకుంటుంది, అంతే. ఈ జాబితానే ప్రాజెక్టు ఫైలు అంటారు.

పెళ్ళి వంటవాడు రాసిచ్చిన సరుకుల చీటీలాంటిది ఇది. చీటీలో బియ్యం, పప్పు, నెయ్యి అన్నీ ఉంటాయి. కాని చీటీని పొయ్యిమీద పెడితే అన్నం ఉడకదు! ప్రదర్శనకు ముందురోజు ప్రాజెక్టు ఫైలు ఒక్కదాన్నే పెన్‌డ్రైవులో వేసుకొని బడికి వెళ్ళారనుకోండి. అక్కడి కంప్యూటరు “వీడియోలు కనబడడంలేదు” అంటుంది. వారం రోజుల శ్రమ ఇంట్లోనే ఉండిపోతుంది.

అందుచేత ముక్కలన్నిటినీ మొదటే ఒక ఫోల్డరులో పెట్టండి. పని మొదలుపెట్టాక వాటి పేర్లు మార్చకండి, చోటు కదపకండి. కూర్పు ముగిశాక “ఎక్స్‌పోర్ట్” అనే ఆజ్ఞ ఇవ్వాలి. అప్పుడే ప్రోగ్రాము జాబితా ప్రకారం బొమ్మలనూ శబ్దాన్నీ కలిపి, ఎక్కడైనా ఆడే కొత్త ఫైలును తయారుచేస్తుంది.

కంప్యూటరు ఎందుకు ఆయాసపడుతుంది?

చిన్న లెక్క చేద్దాం. ఫోను తీసే ఒక్కొక్క బొమ్మలో అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలుంటాయనుకోండి. మొత్తం 20,73,600 చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగు చెప్పడానికి 3 బైట్లు కావాలి. సెకనుకు 30 బొమ్మలు. అన్నిటినీ గుణిస్తే సెకనుకు 18,66,24,000 బైట్లు! నిమిషానికి సుమారు 1,120 కోట్ల బైట్లు. కాని ఇలాంటి నిమిషం వీడియో మీ ఫోనులో సాధారణంగా 20 కోట్ల బైట్లకు మించదు. మిగిలినదంతా ఏమైంది?

ఫోను ప్రతి బొమ్మనూ పూర్తిగా దాచదు. అప్పుడప్పుడు ఒక పూర్తి బొమ్మను దాచి, నడుమ వచ్చే బొమ్మలలో ఏమి మారిందో అది మాత్రమే రాసుకుంటుంది. కుండీ కదలనప్పుడు దాన్ని మళ్ళీ మళ్ళీ రాయడం దేనికి? చోటు ఆదా చేసే ఈ ఉపాయమే కూర్పు చేసేటప్పుడు కష్టం తెచ్చిపెడుతుంది. మీరు నడుమనున్న ఒక బొమ్మ దగ్గర ఆగితే, కంప్యూటరు వెనకనున్న పూర్తి బొమ్మదాకా వెళ్ళి, అక్కడినుంచి మార్పులన్నిటినీ కలుపుకుంటూ రావాలి. అందుకే పాత యంత్రాలు నత్తనడక నడుస్తాయి.

ఇలా కుదించే పద్ధతులలో 2003లో వచ్చిన హెచ్.264ను పాత కంప్యూటర్లు కూడా చదవగలవు. 2013లో వచ్చిన హెచ్.ఇ.వి.సి. ఇంకా తక్కువ చోటు తీసుకుంటుంది గాని, దాన్ని విప్పడానికి ఎక్కువ లెక్కలు చెయ్యాలి. మీ ఫోనులో వీలుంటే చిత్రీకరణకు ముందే హెచ్.264ను ఎంచుకోండి.

ఐదు పరీక్షలు

ఏ ప్రోగ్రామునైనా తీసుకొనేముందు ఈ ఐదు పరీక్షలు పెట్టండి.

1. నా యంత్రం మొయ్యగలదా? జ్ఞాపకశక్తి, అంటే ర్యామ్, ఎంత ఉందో చూడండి. షాట్‌కట్ అనే ప్రోగ్రాము ఇలాంటి పెద్ద బొమ్మలకు 8 జీబీ ఉండాలంటుంది. డావిన్చీ రిజాల్వ్ సినిమాలవాళ్ళు సైతం వాడే ప్రోగ్రాము. దానికి ఉచిత రూపం కూడా ఉంది. కాని విండోస్ యంత్రంలో దానికి 16 జీబీ కావాలి. యంత్రం బలహీనమైతే “ప్రాక్సీ” సౌకర్యం ఉన్నదాన్ని చూడండి. అది ప్రతి వీడియోకూ తేలికపాటి నకలు తయారుచేసి, దానిమీద మీచేత పని చేయించి, చివర ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు అసలును వాడుతుంది. పాతకాలపు ఎడిటరు పద్ధతే! షాట్‌కట్‌లో, కేడెన్‌లైవ్‌లో ఇది ఉంది.

2. నాకు కావలసిన పనులు చేస్తుందా? ముక్క కొయ్యడం, వరసమార్చడం, కుక్క అరుపు తగ్గించి మీ గొంతు చేర్చడం, పేర్లు వెయ్యడం. మొదటి చిత్రానికి ఇవి చాలు.

3. తెలుగు అక్షరాలు సరిగా పడతాయా? శీర్షికలో “స్త్రీ”, “శాస్త్రం”, “కృష్ణా” అని టైపు చేసి చూడండి. కొన్నిచోట్ల ఒత్తులు విడిపోయి పక్కకు పడతాయి. అలాగైతే వేరే ఫాంటు, లేకుంటే వేరే ప్రోగ్రాము వెతకాలి.

4. చివరికి ఏమిస్తుంది? కొన్ని ఉచిత ప్రోగ్రాములు కూర్పంతా చెయ్యనిచ్చి, ఆఖరున చిత్రంమీద తమ ముద్ర వేస్తాయి. అది తీసెయ్యాలంటే డబ్బు అడుగుతాయి. పది సెకన్ల ముక్కను ముందే ఎక్స్‌పోర్ట్ చేసి చూస్తే ఈ సంగతి బయటపడుతుంది.

5. ఎక్కడినుంచి వస్తున్నది? తయారుచేసినవారి సొంత చోటునుంచే డౌన్‌లోడ్ చేసుకోండి. 2000లో వచ్చిన విండోస్ మూవీ మేకర్‌ను మైక్రోసాఫ్ట్ 2017లో నిలిపివేసింది. ఆ పేరు చెప్పి ఇతరులు పంచిపెట్టేవాటి జోలికి పోకండి.

ఇంతకీ దేనితో మొదలుపెట్టాలి?

ఆపిల్ కంప్యూటరు ఉంటే ఐమూవీ ఉచితంగా దొరుకుతుంది. విండోస్ 11లో క్లిప్‌చాంప్ ఉంటుంది గాని, దానికి ఖాతా తెరవాలి. పెద్దలను అడిగి తెరవండి. విండోస్, ఆపిల్, లినక్స్ మూడింటిలోనూ నడిచేవి ఓపెన్‌షాట్, షాట్‌కట్, కేడెన్‌లైవ్. ఇవి మూడూ పూర్తిగా ఉచితం. చిత్రంమీద ముద్ర వెయ్యవు. వీటిలో ఓపెన్‌షాట్ నేర్చుకోవడానికి తేలిక. యంత్రం నెమ్మదిగా నడుస్తూంటే షాట్‌కట్ ప్రాక్సీతో ప్రయత్నించండి. కేడెన్‌లైవ్‌లో సౌకర్యాలు ఎక్కువ కనుక, చెయ్యి తిరిగాక దాన్ని పట్టుకోవచ్చు.

ఒక్క మాట. పది గింజలు నాటితే రెండు మొలవలేదనుకోండి. ఆ రెండింటినీ కోసి పారేస్తే చిత్రం అందంగానే ఉంటుంది, కాని ప్రయోగం అబద్ధమైపోతుంది. వణికిన ముక్కలను కొయ్యండి, ఫలితాన్ని కొయ్యకండి. ప్రతి ముక్కమీదా “1వ రోజు”, “4వ రోజు” అని వెయ్యండి.

చేసి చూడండి

మూడు చిన్న ముక్కలు తీసి, వాటితో అరనిమిషం చిత్రం కూర్చండి. తెలుగులో పేరు వెయ్యండి. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలును పెన్‌డ్రైవులో వేసుకొని, స్నేహితుని కంప్యూటరులో ఆడించండి. బొమ్మ, శబ్దం, అక్షరాలు మూడూ సరిగా వచ్చాయా? వస్తే మీ పనిముట్టు మీకు దొరికినట్లే. ఈ పరీక్షకు ఒక గంట చాలు. ప్రదర్శనకు వారంముందే చెయ్యండి.