ధర్మసాగర్ కొత్త దంపతులకు: ఆపతి సొమ్ము లెక్క

ఆపతి సొమ్ము అంటే పంట పోయినా, పని పోయినా, ఇంట్లో మనిషి మంచాన పడ్డా కొత్త అప్పు చేయకుండా ఇల్లు నడవడానికి పక్కన పెట్టుకునే డబ్బు. మూడు నుంచి ఆరు నెలల ఇంటి ఖర్చు ఉండాలని సాధారణంగా చెబుతారు. నెలనెలా జీతం పడే ఇంటికి ఆ లెక్క సరిపోతుంది. హనుమకొండ జిల్లా ధర్మసాగర్ మండలంలో పత్తిని నమ్ముకున్న కొత్త కాపురానికి మాత్రం లెక్క వేరు. దేవాదుల ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు ధర్మసాగర్ జలాశయానికి చేరుతున్నా, చెలకల్లో పత్తికి వానే దిక్కు. విత్తనం పెట్టిన రోజు నుంచి పత్తి అమ్మిన పైసలు చేతికందే రోజు దాకా ఇల్లు ఎట్లా నడుస్తుందన్నదే అక్కడ అసలు కొలత.

వేసవి ముహూర్తానికి పెళ్లయిన జంట కాళ్ల పారాణి ఆరకముందే మృగశిర కార్తె వస్తుంది. దుక్కి, విత్తనాలు, ఎరువులు, కలుపు కూలీలు, పురుగుమందులు, అన్నీ వరుసగా చేతి నుంచి పోయేవే. దసరా ప్రాంతంలో పత్తి ఏరడం మొదలై, ఎనుమాముల మార్కెట్టుకో సీసీఐ కొనుగోలు కేంద్రానికో చేరి డబ్బు అందేసరికి డిసెంబరు అవుతుంది. అంటే ఏడు నెలలు. ఇంటి ఖర్చు నెలకు 12,000 రూపాయలు, పాల మీద, కూలి మీద వచ్చేది 5,000 అనుకుంటే నెలకు 7,000 లోటు. ఏడు నెలలకు 49,000. అట్లాంటి జంటకు మొదటి ఏడాది గురి అదే. పంట పెట్టుబడిని ఇందులో కలపకూడదు. ఇద్దరిలో ఒకరు కాజీపేటలోనో హనుమకొండలోనో నెలజీతానికి పనిచేస్తుంటే గురి సగానికి తగ్గినా ఫర్వాలేదు.

తొలి బతుకమ్మకు తల్లిగారింటికి పోవడం, పండుగ బట్టలు, తొలికాన్పు వంటివి వస్తాయని ముందే తెలుసు. వాటికి వేరే మూట కట్టుకోవాలి. తెలిసిన ఖర్చుకు ఆపతి సొమ్ము తీస్తే, తెలియని ఖర్చు వచ్చిన రోజు చేతులు ఖాళీగా ఉంటాయి.

చాలా కాపురాలు పెళ్లి అప్పుతోనే మొదలవుతాయి. నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చిన లక్షకు నెలకు 2,000, ఏడాదికి 24,000 మిత్తికే పోతుంది, అసలు కదలదు. 2014 అక్టోబరు 2న 51,000 రూపాయలతో మొదలైన కల్యాణలక్ష్మి సాయం 2018 నుంచి 1,00,116 అయింది. ఆ చెక్కు పెళ్లికూతురి తల్లి పేరున వస్తుంది గనుక కొత్త జంట దాన్ని తమ నిల్వగా ఎంచరాదు. ఉన్నదంతా అప్పుకే కట్టడం న్యాయంగానే కనిపిస్తుంది. కానీ ఆ తర్వాత ఒక్క విషజ్వరం వస్తే మళ్లీ అదే మనిషి దగ్గర ప్రామిసరీ నోటు రాయాల్సి వస్తుంది. అందుకే ముందు పది, పదిహేను వేలు చేతిలో ఉంచుకొని, తర్వాత ఎక్కువ మిత్తి అప్పు తీర్చి, ఆపైన నిల్వ పెంచుకోవడం మేలు.

ఈ డబ్బు భార్యాభర్తల ఉమ్మడి ఖాతాలో, ఇద్దరిలో ఎవరైనా తీసుకునే పద్ధతిలో ఉండాలి. బ్యాంకు దెబ్బతిన్నా 5 లక్షల వరకు డిపాజిట్‌కు 2020 ఫిబ్రవరి నుంచి బీమా ఉంది. చిట్టీ పొదుపుగా మంచిదే, ఆపతికి నమ్మదగింది కాదు. అవసరం పడిన నెలలో పోటీ ఎక్కువైతే పాటలోనే చాలా పోతుంది. 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరు కాని చిట్టీ అయితే నడిపే మనిషి ఊరు విడిచిన రోజు వసూలుకు దారి దొరకడం కష్టం.

పొదుపు సంఘం మాట వేరు. ఇదే జిల్లాలోని ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి చొరవతో పుట్టిన సహకార గ్రామీణ బ్యాంకు సభ్యుల ఐకమత్యం మీదే ఎదిగింది. కొత్త కోడలు అత్తగారి ఊరి సంఘంలో ఆలస్యం చేయకుండా చేరితే తక్కువ మిత్తికి అప్పు పుట్టే దారి ఉంటుంది. అయినా అప్పు దొరకడం వేరు, సొమ్ము ఉండటం వేరు. ఒక సంస్థ కిస్తీ కట్టడానికి ఇంకో సంస్థ దగ్గర అప్పు తీసుకుంటూ పోయిన కుటుంబాల గోస వల్లే 2010 అక్టోబరులో సూక్ష్మరుణ సంస్థల మీద ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది.

బంగారం చివరి దారి. పత్తి డబ్బు నెలలో వస్తుందని ఖాయమైనప్పుడు బ్యాంకులో కుదువ పెట్టడం తప్పు కాదు. ఎప్పుడు విడిపిస్తారో తెలియకుండా పెడితే అది వేలానికి దారి. తల్లిగారు పెట్టిన నగలు భార్య సొంత ఆస్తి అని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో స్పష్టం చేసింది. ఆమె మనసారా ఒప్పుకోకుండా వాటిని ఇంటి నిల్వలో కలిపి లెక్కకట్టడం అన్యాయం.

అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేది బీమా, నామినీల దగ్గర. 2018 ఆగస్టులో మొదలైన రైతుబీమా 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు చనిపోతే నామినీకి 5 లక్షలు ఇస్తుంది. కొత్తగా పెళ్లయిన కొడుకుల్లో చాలామందికి భూమి ఇంకా తండ్రి పాసుపుస్తకంలోనే ఉంటుంది. కొడుకు అదే చేనులో పొద్దంతా పనిచేసినా అతనికి ఆ బీమా వర్తించదు. ఈ ఖాళీని కొంతవరకు పూడ్చేవి బ్యాంకు ఖాతా ద్వారా చేరే రెండు కేంద్ర పథకాలు: ఏడాదికి 436 రూపాయల జీవనజ్యోతి, 20 రూపాయల సురక్షా బీమా. మొదటిది ఏ కారణంతో మరణించినా, రెండోది ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు ఇస్తుంది. ఇద్దరికీ కలిపి ఏడాదికి 912 రూపాయలు. ప్రీమియం మే నెలాఖరుకు ఖాతా నుంచి దానంతటదే పోతుంది. పెళ్లి ఖర్చులతో ఖాతా ఊడ్చుకుపోయేదీ అప్పుడే గనుక ఆ మొత్తాన్ని ముట్టకుండా ఉంచాలి.

పెళ్లికి ముందు తీసిన పాలసీ, బ్యాంకు ఖాతా, పీఎఫ్ అన్నింట్లోనూ నామినీగా సాధారణంగా అమ్మానాన్నల పేరే ఉంటుంది. బ్యాంకు ఖాతాకు 2025 నవంబరు 1 నుంచి నలుగురిదాకా నామినీలను పెట్టుకోవచ్చు. తల్లిని తీసేయకుండానే భార్య పేరు చేర్చి, ఎవరికెంతో రాయవచ్చు. ఈ మాట అత్తాకోడళ్ల మధ్య అనుమానంగా మారకముందే నలుగురూ కూర్చుని మాట్లాడుకోవాలి.

వైద్యానికి ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. అయితే కోడలి పేరు తల్లిగారి రేషన్‌కార్డు నుంచి తీయించి అత్తగారి కార్డులో ఎక్కించే పని వాయిదా పడుతూ ఉంటుంది, దాంతో ఆ సాయం అందడంలో చిక్కు రావచ్చు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తిరిగే ఛార్జీలు, తోడుండేవాళ్ల తిండి, పోయిన కూలి ఏ కార్డూ భరించదు. అవి ఆపతి సొమ్ములోంచే తీయాలి. తీసినంత మొత్తాన్ని పత్తి మొదటి విడత పైసలు రాగానే, మరే కొనుగోలుకైనా ముందు తిరిగి ఖాతాలో వేయాలి.