పడవలోకి నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయి?

పిల్లలూ! గూడూరులో మా బడి పిల్లలు ఒకసారి సైన్సు ప్రదర్శన కోసం రేడియోతో నడిచే చిన్న పడవ చేశారు. 1898లో నికొలా టెస్లా న్యూయార్కులో ఒక తొట్టిలో ఇలాంటి పడవనే నడిపి జనాన్ని ఆశ్చర్యపరిచాడు. మా వాళ్ళది పల్చటి చెక్క పడవ. మోటారు, రిసీవరు పాత బొమ్మకారులోంచి తీసినవి. అన్నీ కలిపి బరువు 900 గ్రాములు. శ్రమ మాత్రం రెండు నెలలది!

తొట్టిలో వదలగానే చక్కగా పరుగెత్తింది. ఐదు నిమిషాలకల్లా ఒక పక్కకు ఒరిగి మునిగిపోయింది. పైకి తీసి చూస్తే వెనక మూలలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. "చిల్లు అక్కడే ఉంది, జిగురు పూయండి" అన్నాను నేను. పూశారు. మళ్ళీ వదిలారు. మళ్ళీ మునిగింది! ప్రదర్శనకు ఇక నాలుగు రోజులే ఉంది.

తప్పు నాదే. నీరు పల్లానికి పోతుంది. మోటారు, బ్యాటరీల బరువుకు మా పడవలో వెనకవైపు పల్లమయింది. నీళ్ళు నిలిచిన చోటే చిల్లు ఉండాలని లేదు. వానకు ఇల్లు కురిసినప్పుడు చూడండి. చుక్క పడేది ఒకచోట, పెంకు పగిలింది మరొకచోట!

చిన్న చిల్లే కదా!

అనుకోకండి, లెక్క వేద్దాం. నీటిమట్టానికి h లోతున ఉన్న చిల్లులోంచి నీరు ఎంత వేగంతో వస్తుందో 17వ శతాబ్దంలో టారిసెల్లీ చెప్పాడు: v² = 2gh. లోతు 2.5 సెం.మీ. అయితే, 2 × 980 × 2.5 = 4900. అంటే వేగం సెకనుకు 70 సెం.మీ. చిల్లు వ్యాసం 2 మి.మీ. అనుకుంటే దాని వైశాల్యం సుమారు 0.03 చ.సెం.మీ. చిల్లు దగ్గర నీటిధార సన్నబడుతుంది కాబట్టి లెక్కకు వచ్చినదానిలో 60 శాతమే లోపలికి వస్తుంది. అయినా నిమిషానికి సుమారు 80 గ్రాముల నీరు! పైగా ఆ నీరు కదలకుండా ఉండదు. పడవ ఏ పక్కకు ఒరిగితే ఆ పక్కకే చేరి ఇంకా ఒరగదోస్తుంది.

చిల్లును పట్టుకోవడం ఎలా?

మోటారు, రిసీవరు, బ్యాటరీలు తీసివేయండి. పడవ బయటివైపు పొడిగా తుడిచి రెండు ఇటుకలమీద నిలపండి. కాస్త సిరా కలిపిన నీళ్ళు లోపల పోయండి. పడవ ఎంతమేర నీటిలో మునుగుతుందో అంతవరకే పోయాలి. ఇప్పుడు బయటినుంచి చూడండి. కారిన నీరు కిందికి జారుతుంది కాబట్టి, తడి అన్నిటికన్నా పైన ఎక్కడ మొదలైందో అదే చిల్లు. అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టండి.

మా పడవలో రెండు గుర్తులు పడ్డాయి. ఒకటి ముందువైపు చెక్కల అతుకు. రెండోది ప్రొపెల్లరు ఇరుసు బయటికి వచ్చే చోటు.

మూయడం ఎలా?

అతుకును ఒక రోజంతా ఎండబెట్టాలి. తడి చెక్కకు, జిగురుకు మధ్య నీటిపొర అడ్డుపడి పట్టు చిక్కదు. తర్వాత గరుకు కాగితంతో రుద్ది, రెండు భాగాలు కలిపి వాడే అరాల్డైట్ వంటి జిగురును బయటివైపు పూయాలి. ఎందుకంటే నీటి పీడనం బయటి పూతను చెక్కకేసి అదుముతుంది. లోపలి పూతనైతే ఊడదోస్తుంది. పెద్ద చెక్క పడవలకు పలకల సందుల్లో నూలు కూరి, గుగ్గిలం, నూనె కలిపి పూసే పద్ధతి మన తీరంలో ఏనాటిదో.

ఇరుసు తిరగాలి కనుక దానికి జిగురు పనికిరాదు. ఇరుసును ఒక సన్నని గొట్టంలోంచి ఏటవాలుగా పంపి, గొట్టం చుట్టూ జిగురుతో మూయాలి. లోపలి కొన నీటిమట్టంకన్నా ఎత్తుగా ఉండాలి. నిశ్చలంగా ఉన్న నీరు తన మట్టం దాటి పైకెక్కదు కదా! గొట్టంలో గ్రీజు నింపితే సందూ మూసుకుంటుంది, ఘర్షణా తగ్గుతుంది.

ముందుజాగ్రత్తలు

పడవ ముందూ వెనకా కలిపి 1000 ఘ.సెం.మీ. థర్మోకోల్ అతికించండి. అది పూర్తిగా మునిగితే 1000 గ్రాముల నీటిని తొలగిస్తుంది. ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం 900 గ్రాముల పడవ నీళ్ళు నిండినా అడుగుకు పోదు. రిసీవరును మూత గట్టిగా పట్టే డబ్బాలో ఎత్తుగా ఉంచండి. మన గూడూరు అభ్రకం విద్యుత్తును ఆపుతుంది కాని, ఉప్పునీరు ఆపదు! పడవకు పొడవాటి పురికొస కట్టండి. పడవ ఆగిపోయిందని చెరువులోకి మాత్రం దిగకండి.

ప్రదర్శన రోజున పడవ అడుగున ఒక న్యూసుపేపరు ముక్క పరిచాం. సాయంత్రం తీసి చూస్తే అది పొడిగానే ఉంది.

ఇప్పుడు మీకో ప్రశ్న: చిల్లు వ్యాసం 2 మి.మీ. బదులు 1 మి.మీ. అయితే నిమిషానికి ఎంత నీరు వస్తుంది? 40 గ్రాములు అనకండి. లెక్క వేసి చూడండి!