చిల్లరలో బగ్

మొన్న క్యాంటీన్ చిల్లరలో వచ్చిన 5 రూపాయల బిళ్ళ మీద ఒక అడ్డగీత కనిపించింది. "ఎర్రర్ కాయిన్ రా, వేలు పలుకుతుంది!" అన్నాడు రూమ్మేట్. ఆ రాత్రి కోడింగ్ పక్కన పెట్టి నేను నేర్చుకున్నది మీకూ చెప్తాను.

మొదటి టెస్ట్ గోరుతో. గీత ఉబ్బెత్తుగా తగిలితే, బిళ్ళ మీద ముద్ర కొట్టే డై పగిలిందన్నమాట. ఆ పగులులోకి లోహం దూరి గీతలా పైకి లేస్తుంది. గోరు లోపలికి దిగితే మాత్రం అది చాలావరకు తర్వాత పడ్డ గీరే.

రెండోది తిప్పి చూడడం. సింహాల బొమ్మ నిటారుగా ఉండేలా బిళ్ళని పైనా కిందా వేళ్ళతో పట్టుకుని పక్కకి తిప్పండి. వెనక అంకె కూడా నిటారుగానే రావాలి. కాస్త వాలడం మామూలే. బాగా వాలితే రెండు డైలు సరిగ్గా కుదరలేదని అర్థం.

సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే తప్పు అనుకోకండి, అది మన హైదరాబాద్ టంకశాల గుర్తు.

నా బిళ్ళలో గోరు దిగింది. కానీ మావాడు అప్పటికే "అమ్మిపెడతాం" అన్న ఎవరికో రిజిస్ట్రేషన్ ఫీజని 500 పంపేశాడు. ఇప్పుడు ఆ ఫోన్ స్విచాఫ్.

బిళ్ళని టీ కొట్టులో ఇచ్చేశాం. ముందు గోరు, తర్వాతే ఫోన్.