పెద్దల సభలో ఆంధ్రరాష్ట్ర చర్చ

పాఠ్యభాగ సందర్భం

మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలను వేరుచేసి ఆంధ్రరాష్ట్రాన్ని ఏర్పరచే బిల్లు 1953లో పార్లమెంటు ముందుకు వచ్చింది. ఆ సందర్భంలో ఎగువ సభలో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ చేసిన ప్రసంగాన్ని, దానికి అనంతపురం సీమ చరిత్రతో గల సంబంధాన్ని ఈ పాఠం వివరిస్తుంది.

పాఠం

మహాభారత సభాపర్వంలో ద్రౌపది కురుసభను ఒక ప్రశ్న అడుగుతుంది. తన్నోడి నన్నోడెనా, నన్నోడి తన్నోడెనా అన్న భావంలోని ఆ ప్రశ్నకు భీష్మాదులు సమాధానం చెప్పలేకపోయారు. కౌరవులలో వికర్ణుడొక్కడే లేచి ధర్మం మాట్లాడాడు. అతని మాట ఆనాడు నెగ్గలేదు. అయినా ఆ సభను తలచుకున్న ప్రతివారూ నేటికీ ఆ ప్రశ్నను, వికర్ణుని మాటను తలచుకుంటూనే ఉన్నారు. నెగ్గని మాటకు కూడా సభలో విలువ ఉంటుందని మన పూర్వులకు తెలుసు.

నేటి చట్టసభలలో ఈ విషయం ఎగువ సభకు ఎక్కువగా వర్తిస్తుంది. రాజ్యసభకు ప్రభుత్వాన్ని పడగొట్టే అధికారం లేదు. ద్రవ్య బిల్లును పద్నాలుగు రోజులకు మించి ఆపలేదు. సభ్యులలో అత్యధికులను రాష్ట్రాల శాసనసభ్యులు ఎన్నుకుంటారు. సాహిత్యం, విజ్ఞానశాస్త్రం, కళలు, సమాజసేవ రంగాలలో ప్రసిద్ధులైన పన్నెండుగురిని రాష్ట్రపతి నియమిస్తారు. ఈ నియామక పద్ధతికి ఐర్లండు రాజ్యాంగం ఆదర్శం. ఆ దేశపు ఎగువ సభలో కొందరిని ప్రధానమంత్రి నియమిస్తారు, మరికొందరిని విశ్వవిద్యాలయ పట్టభద్రులు ఎన్నుకుంటారు. మన రాష్ట్రంలోనూ 1958లో విధానపరిషత్తు ఏర్పడి, 1985లో రద్దయి, 2007లో మళ్ళీ వచ్చింది. పట్టభద్రులకు, ఉపాధ్యాయులకు అందులో ప్రత్యేక స్థానాలున్నాయి. ఇటువంటి సభలకు మిగిలే ప్రధాన బలం వాక్కే.

స్వాతంత్ర్యానంతరం ఎగువ సభ మొదటిసారి 1952 మే 13న సమావేశమయింది. అప్పటికి దాని పేరు రాజ్యసభ కాదు, కౌన్సిల్ ఆఫ్ స్టేట్స్. రాజ్యసభ అన్న పేరు 1954 ఆగస్టులో వచ్చింది. అధ్యక్షపీఠంపై డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉన్నారు. మద్రాసు రాష్ట్రం నుండి ఎన్నికైన పుచ్చలపల్లి సుందరయ్య కమ్యూనిస్టు సభ్యులకు నాయకుడు. పార్లమెంటుకు సైకిలుపై వెళ్ళే సభ్యునిగా ఆయన ప్రసిద్ధుడు. తెలుగువారందరికీ ఒకే రాష్ట్రం ఉండాలని కోరుతూ 1946లోనే ‘విశాలాంధ్రలో ప్రజారాజ్యం’ అన్న పుస్తకం వ్రాసినవాడు. అంబేద్కర్ ఆ సభకు వచ్చిన తీరు వేరు. హిందూ కోడ్ బిల్లు విషయంలో కలిగిన అసంతృప్తి ప్రధాన కారణంగా 1951లో కేంద్ర న్యాయశాఖ మంత్రి పదవికి రాజీనామా చేశారు. తరువాతి సార్వత్రిక ఎన్నికలలో బొంబాయిలో లోక్‌సభకు పోటీ చేసి ఓడిపోయారు. పిమ్మట బొంబాయి రాష్ట్రం నుండి ఎగువ సభకు ఎన్నికై, 1956 డిసెంబరు 6న మరణించేవరకు అందులో సభ్యులుగా ఉన్నారు. రాజ్యాంగ రచనా సంఘానికి అధ్యక్షత వహించిన వ్యక్తి ఓడిపోయి, ప్రతిపక్షాన కూర్చుని మాట్లాడడం ఆ సభకు దక్కిన అరుదైన అవకాశమని నా అభిప్రాయం.

పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష ప్రారంభించి డిసెంబరు 15 రాత్రి అమరులయ్యారు. నాలుగు రోజుల తరువాత ప్రధాని నెహ్రూ ఆంధ్రరాష్ట్ర నిర్మాణాన్ని ప్రకటించారు. జస్టిస్ వాంఛూ కొత్త రాష్ట్రపు ఆర్థిక, పరిపాలనా సమస్యలను పరిశీలించారు. మద్రాసు నగరం ఆంధ్రులకు దక్కదని తేలిపోయింది. రాజధాని ఎక్కడన్నది పెద్ద ప్రశ్న అయింది.

అంబేద్కర్ 1953 ఏప్రిల్‌లో ఒక ఆంగ్ల దినపత్రికలో వ్యాసం వ్రాస్తూ, రాజధాని లేని రాష్ట్రాన్ని సృష్టించడం తాను ఎన్నడూ వినలేదన్నారు. మద్రాసులో ఒక్క రాత్రి ఉండే ఆతిథ్యం కూడా కొత్త ప్రభుత్వానికి ఇవ్వడం లేదని ఆక్షేపించారు. ఆంధ్రను ఒయాసిస్సులు లేని సహారా ఎడారితో పోల్చి, తాత్కాలిక రాజధానిపై పెట్టే ధనమంతా వృథా అవుతుందని హెచ్చరించారు. అప్పటికి హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న ఓరుగల్లును రాజధానిగా ఇవ్వరాదా అని అడిగారు. గోదావరి, కృష్ణా డెల్టాల పంటపొలాలను చూసినవారు ఆ సహారా పోలికను ఒప్పుకోరు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే అనంతపురం పీఠభూమిలో నిలబడి చదివితే మాత్రం ఆ మాట అంత అతిశయోక్తిగా తోచదు.

బిల్లు ఎగువ సభకు వచ్చిన తరువాత సెప్టెంబరు 2న అంబేద్కర్ ప్రసంగించారు. హోంమంత్రి కైలాసనాథ కట్జూను అభినందించలేకపోతున్నానంటూ ఆరంభించారు. భాషారాష్ట్రాల సూత్రాన్ని ముందే అంగీకరించి కూడా దానిని అమలు జరిపించడానికి ఒక మనిషి ప్రాణమివ్వవలసి వచ్చిందే అని ప్రభుత్వాన్ని నిలదీశారు. ఇంకొక దేశంలో ఇలా జరిగి ఉంటే ఆ ప్రభుత్వానికి ఏ గతి పట్టేదో ఆలోచించమన్నారు. అయితే ఆయన ప్రసంగానికి ప్రాణం ఇది కాదు. భాష ప్రాతిపదికన రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ భాష మాట్లాడేవారిలోనే సంఖ్యాబలం, భూమి గల కులాల చేతికి అధికారం వస్తుంది. చిన్న కులాలవారు, ముఖ్యంగా వారి పొలాలలో కూలిచేసి బ్రతికే షెడ్యూల్డు కులాలవారు, ఏ రక్షణతో బ్రతకాలి? ఆయన అడిగిన ప్రశ్న ఇది.

విద్యార్థులు ఒక పదాన్ని ఇక్కడ జాగ్రత్తగా గ్రహించాలి. అల్పసంఖ్యాకులు అనగానే మనకు మతం స్ఫురిస్తుంది. అంబేద్కర్ దృష్టిలో ఊరిలో నాలుగిండ్లవారిగా ఉండి, పెద్ద కులంపై ఆధారపడి జీవించేవారు కూడా అల్పసంఖ్యాకులే. వారి రక్షణకు గవర్నరుకు ప్రత్యేక బాధ్యతను, అధికారాన్ని ఇవ్వాలని ఆయన వాదన. గవర్నరుకు అధికారాలు ఉండరాదన్న రాజ్యాంగాన్ని వ్రాసినది మీరే కదా అని సభలో ప్రశ్న లేచింది. చేయమన్న పనిని తన ఇష్టానికి చాలావరకు విరుద్ధంగా చేశానని ఆయన బదులిచ్చారు. అంతటితో ఆగక, ఆ రాజ్యాంగాన్ని తగలబెట్టేవారిలో తానే మొదటివాడినవుతానన్నారు. ఈ ఒక్క మాటను పట్టుకుని నేటికీ ఎన్నో వాదాలు జరుగుతున్నాయి. ఆ వెంటనే ఆయన అన్న మాటను ఎందరో వదిలివేస్తారు. అల్పసంఖ్యాకులను గుర్తిస్తే ప్రజాస్వామ్యానికి హాని అని త్రోసిపుచ్చకూడదని, వారిని గాయపరచడం వల్లనే అన్నింటికన్న ఎక్కువ హాని కలుగుతుందని ఆయన స్పష్టం చేశారు. కోపంలో అన్న మాటకు కారణం తరువాతి వాక్యంలో ఉంది. రెండూ కలిపి చదవనిదే ఆ ప్రసంగం బోధపడదు.

1955 మార్చి 19న అదే సభలో ఒక సభ్యుడు ఆ తగలబెట్టే మాటను గుర్తుచేశారు. దేవుని కోసం గుడి కట్టామని, దేవుని ప్రతిష్ఠ జరగకముందే అది అసురుల వశమైతే గుడిని కూల్చక ఏం చేయగలమని అంబేద్కర్ జవాబు. పురాణాలు చదివిన వానికి ఈ ఉపమానం వివరించనక్కరలేదు.

బిల్లు ఆయన కోరిన రక్షణ లేకుండానే చట్టమయింది. 1953 అక్టోబరు 1న పదకొండు జిల్లాలతో, బళ్లారి జిల్లాలోని ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలతో కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం అవతరించింది. రాయదుర్గం అనంతపురం జిల్లాలో చేరింది. టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి, అనంతపురం జిల్లా ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి అయ్యారు.

అంబేద్కర్ కులాల మధ్య చూసిన సమస్యను సీమవాసులు ప్రాంతాల మధ్య చూశారు. అప్పటికి పాతికేళ్ళ క్రితం, 1928లో, నంద్యాల సభలో దత్తమండలాలు అన్న పేరును వదలి రాయలసీమ అన్న పేరు పెట్టుకున్నారు. ఆ పేరు సూచించిన చిలుకూరి నారాయణరావు అనంతపురం కళాశాలలో తెలుగు బోధించినవారు. తెలుగు పంతులు పెట్టిన పేరు ఒక ప్రాంతానికి నిలిచిపోవడం మా వంటివారికి గర్వకారణం. సర్కారు జిల్లాలవారితో కలిస్తే నీళ్ళలో, చదువులో తమ వాటా ఏమవుతుందన్న భయం సీమవారికి ఉండేది. ఆ భయాన్ని తీర్చడానికే 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గృహం శ్రీబాగ్‌లో రెండు ప్రాంతాల నాయకులు ఒడంబడిక చేసుకున్నారు. అనంతపురం జిల్లా నుండి కల్లూరి సుబ్బారావు, పప్పూరి రామాచార్యులు అందులో పాలుపంచుకున్నారు. కృష్ణా, తుంగభద్ర, పెన్న నీళ్ళలో రాయలసీమకు ప్రాధాన్యం, అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, రాజధాని లేదా హైకోర్టు వంటివి అందులోని అంశాలు.

ఒడంబడిక పెద్దమనుషుల మధ్య జరిగింది. అది 1953 చట్టంలోకి ఎక్కలేదు. సద్భావం మీద ఆధారపడిన రక్షణ చాలదు, అది శాసనంలో ఉండాలన్న అంబేద్కర్ వాదనకు ఇంతకన్న దగ్గరి ఉదాహరణ మనకు దొరకదు. రాజధాని కర్నూలుకు వచ్చి మూడేళ్ళకే హైదరాబాదుకు తరలింది. విశ్వవిద్యాలయం మొదట 1954లో తిరుపతికి వచ్చింది. అనంతపురానికి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981లో గాని రాలేదు. అనగా ఒప్పందం జరిగిన నలభైనాలుగు సంవత్సరాలకు!

గవర్నరుకు ప్రత్యేక బాధ్యత అన్న ఆలోచన మాత్రం త్వరలోనే మరొక రూపంలో రాజ్యాంగంలో ప్రవేశించింది. 1956లో ఏడవ సవరణ ద్వారా మార్చిన 371వ అధికరణం ఆంధ్రప్రదేశ్‌లో ప్రాంతీయ సంఘం ఏర్పాటుకు, దాని పనితీరు విషయంలో గవర్నరు ప్రత్యేక బాధ్యతకు వీలు కల్పించింది. అది తెలంగాణ ప్రాంతానికి ఉద్దేశించినది. రాయలసీమకు గాని, ఊరి చివర నివసించేవారికి గాని అటువంటి ఏర్పాటు లేదు.

ఇటీవలి కాలంలో ఎగువ సభలో ఇదే ప్రశ్న తిరిగి వచ్చింది. 2014 ఫిబ్రవరి 20న రాష్ట్ర విభజన బిల్లుపై చర్చలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్ళపాటు ప్రత్యేక హోదా ఇస్తామని రాజ్యసభలో ప్రకటించారు. ఎం. వెంకయ్యనాయుడు పదేళ్ళు కావాలని కోరారు. ఆ హామీ సభలో చెప్పిన మాటగానే ఉంది, చట్టంలో చేరలేదు. 2016లో కేంద్రం హోదాకు బదులుగా ప్రత్యేక సాయాన్ని ప్రకటించింది.

చట్టంలో వ్రాసిన మాటకు ఏమి జరుగుతుందో చూడాలంటే మళ్ళీ 1953కే వెళ్ళాలి. ఆంధ్రరాష్ట్ర చట్టంలో 66వ సెక్షను తుంగభద్ర ప్రాజెక్టుకు సంబంధించినది. ఆనకట్ట కొత్త రాష్ట్రం వెలుపల ఉండిపోయింది కనుక నీటి పంపకాన్ని పొరుగువారి దయకు వదలకుండా శాసనంలోనే ఏర్పాటు చేశారు. దాని ననుసరించి ఏర్పడిన తుంగభద్ర బోర్డు నేటికీ పనిచేస్తున్నది. ఎగువ కాలువ, మన ప్రాంతంలో అందరూ అనే హెచ్చెల్సీ, కర్ణాటకలో వంద కిలోమీటర్లకు పైగా నడిచి బొమ్మనహాళ్ దగ్గర జిల్లాలో ప్రవేశిస్తుంది. ఆ కాలువలో ఆంధ్రప్రదేశ్ వాటా 32.5 టి.ఎం.సి.లు. పూడిక వల్ల జలాశయం సామర్థ్యం మొదటి 133 టి.ఎం.సి.ల నుండి దాదాపు 105కు తగ్గింది. అందుచేత బోర్డు ప్రతి ఏటా వచ్చే నీటిని అంచనా వేసి, వాటాల నిష్పత్తిలో పంచుతుంది. ఆగస్టులో కణేకల్లు రైతు కాలువకు నీళ్ళెన్నని అడిగినప్పుడు ఇంజనీరు చెప్పే లెక్కకు మూలం పార్లమెంటు ఉభయసభలు ఆమోదించిన ఆ సెక్షనే.

ప్రశ్నలు

అ) ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. ఆంధ్రరాష్ట్ర బిల్లుపై అంబేద్కర్ వెలిబుచ్చిన అభిప్రాయాలను వివరించండి.
2. శ్రీబాగ్ ఒడంబడికను, తుంగభద్రకు సంబంధించిన 66వ సెక్షనును పోల్చి చర్చించండి.

ఆ) సందర్భాన్ని పేర్కొని నాలుగు పంక్తులలో వ్రాయండి.
1. ఆంధ్రను సహారాతో పోల్చడం
2. గుడి, దేవుడు, అసురులు
3. దత్తమండలాలు రాయలసీమ కావడం