పాత రింగు సంగతి

తణుకు

కిరణ్,

అంబాసిడర్‌కి ఈసారి ఆయిలూ ఫిల్టరూ నువ్వే మారుస్తానన్నావట. మంచిదే. మీ నాన్న నాకు ఫోన్ చేసి గునిశాడు గానీ, వాడి మాట పట్టించుకోకు. ఆ బండి తెలిసిన మెకానిక్కులు రోజురోజుకీ తగ్గిపోతున్నారు, కాబట్టి నీ చేతికి రావాల్సిన పనే ఇది. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

నీది మార్క్ 4. అందులోని 1489 సీసీ పెట్రోలు ఇంజన్ అసలు ఇంగ్లండులో బీఎంసీ వాళ్లది, 1959లోనే అంబాసిడర్‌లోకి వచ్చింది. దాని ఫిల్టరు, మీ స్నేహితుడి మారుతి 800కి ఉన్నట్టు తిప్పి తీసి పారేసే డబ్బా కాదు. డిస్ట్రిబ్యూటర్ ఉన్న వైపు ఇంజన్‌కి ఒక ఇనుప గిన్నె వేలాడుతుంటుంది, మధ్యలో పొడుగు బోల్టు. లోపలున్న కాగితం ఫిల్టరే మారుతుంది, గిన్నె మళ్లీ వాడాలి.

ఆయిల్ దించడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఇంజన్ కాస్త వేడెక్కాక ఆపు, మరీ కాలేట్టు ఉంటే కొంచెంసేపు ఆగు. చాంబర్ కింద బోల్టు విప్పి, చుక్కలు ఆగేదాకా వదిలెయ్. ఆ బోల్టుకి రాగి వాషరు ఉంటుంది, కొత్తది వెయ్యి. ఒక్క జాకీ మీద బండి నిలబెట్టి కిందికి దూరొద్దు. ఇటుకలు పేర్చి అసలే వద్దు. స్టాండులు లేకపోతే గుంట ఉన్న షెడ్డుకి తీసుకెళ్లి అక్కడ చేసుకో.

ఇప్పుడు అసలు సంగతి. ఈ పనిలో ఇంజన్ ప్రాణం తీయగలిగేది పాత రబ్బరు రింగు. గిన్నె అంచు ఆనే చోట, పైన ఇంజన్ వైపు గాడిలో ఉంటుంది. గిన్నెతో పాటు ఊడి రాదు. ఏళ్ల వేడికి గట్టిపడి, నల్లబడి, ఆ ఇనుములో భాగమే అన్నట్టు కూర్చుంటుంది. తొందరలో ఉన్నవాడు అది చూడడు, కొత్త రింగు దాని మీదే పెట్టి బిగించేస్తాడు. షెడ్డులో నిమిషంసేపు ఆడిస్తే కారకపోవచ్చు కూడా. రోడ్డెక్కి రేస్ ఇచ్చాక పై రింగు పక్కకి తప్పుకుంటుంది, చాంబర్‌లో ఆయిలంతా దారి పొడుగునా పోతుంది. ఆయిల్ ప్రెషర్ ఎర్ర దీపం వెలగడం చూసి బండి ఆపేసరికే బేరింగులు పోయి ఉంటాయి. ఇలా తాడేపల్లిగూడెం దారిలో ఆగిపోయిన బండిని చూశాను. దాని ఇంజన్ మొత్తం విప్పాల్సి వచ్చింది.

కాబట్టి టార్చి వేసి చూడు, తర్వాత గాడి చుట్టూ వేలితో తడుము. కంటికంటే వేలికే బాగా తెలుస్తుంది. దబ్బనం మొనతో రింగు గుచ్చి లాగు. స్క్రూడ్రైవర్‌తో మాత్రం గాడి గీరకు, ఆ గీతలోంచి జన్మంతా కారుతూనే ఉంటుంది. కొత్త రింగుకి కాస్త ఆయిల్ రాసి, ముందు ఎదురెదురుగా నాలుగు చోట్ల నొక్కి, తర్వాత మధ్యవి నొక్కు. ఒక చోట మొదలెట్టి చుట్టూ నొక్కుకుంటూ పోతే చివర్లో ఉబ్బు మిగులుతుంది.

గిన్నెలో బోల్టు మీద వరసగా స్ప్రింగు, ఇనుప వాషరు, ఫెల్టుదో రబ్బరుదో ఇంకో వాషరు, ఆపైన రేకు బిళ్ల ఉంటాయి. విప్పేముందు ఫోన్‌తో ఫొటో తీసుకో. ఆ మెత్తటి వాషరు చాలా బళ్లలో ఉండదు, పాత ఫిల్టరుకి అంటుకుని చెత్తబుట్టలోకి పోయుంటుంది. అది లేకపోతే ఆయిల్ కాగితంలోంచి పోకుండా బోల్టు పక్కనుంచి దొంగదారిన పోతుంది. ప్రెషర్ బాగానే ఉంటుంది, దీపం ఆరుతుంది, ఏ లోటూ కనపడదు. వడకట్టని ఆయిలే ఇంజనంతా తిరుగుతుంటుంది. చెప్పాలంటే, కారే బండికంటే ఇలాంటి బండే నాకు ఎక్కువ భయం.

గిన్నె కడిగేముందు అడుగున ఏముందో చూడు. నల్లటి మడ్డి ఉంటే మామూలే. వెండిరంగు పొడి తళుక్కుమంటే బేరింగు అరుగుతోందని అర్థం. మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి, హెడ్ గాస్కెట్ చూపించాలి. అప్పుడు తుడిచేయకుండా నాకు ఫొటో పంపు.

బోల్టు బిగించేటప్పుడు రెండో చేత్తో గిన్నెని అటూ ఇటూ తిప్పుతూ ఉండు, గాడిలో సరిగ్గా కూర్చుంటుంది. పొడుగు పానా పెట్టి బలం చూపించకు, గిన్నె వంకరపోతుంది.

ఆయిల్ 20డబ్ల్యూ50 పొయ్యి, మన ఎండలకీ ఆ ముసలి ఇంజన్‌కీ అదే సరి. డబ్బా మీద అంకె చూసి కాదు, డిప్‌స్టిక్ చూసి పొయ్యాలి. స్టార్ట్ చేసేముందు కాయిల్‌కి వచ్చే సన్న తీగ ఊడదీసి, ఎర్ర దీపం ఆరేదాకా సెల్ఫ్ కొట్టు. ఆపకుండా కాదు, కొంచెం కొంచెంగా. ఖాళీ గిన్నె నిండాక గానీ ఆయిల్ బేరింగులకి చేరదు. తర్వాత తీగ తగిలించి ఎవరిచేతైనా స్టార్ట్ చేయించు. లోపల కూర్చోకు, గిన్నె అంచు దగ్గర టార్చి పట్టుకుని నిలబడు. చుక్క కనిపిస్తే వెంటనే ఆపించు. నాలుగు కిలోమీటర్లు తిరిగొచ్చి మళ్లీ చూడు. ఇంజన్ ఆపి కాసేపు ఆగాక డిప్‌స్టిక్ ఇంకోసారి చూడు, ఎందుకంటే గిన్నె తాగిన ఆయిల్ మేరకు మట్టం తగ్గి ఉంటుంది.

పాత ఆయిల్ కాలవలో పొయ్యకు. చెదలకి పనికొస్తుందని మీ అమ్మ గుమ్మాలకి పూయమంటుంది, వద్దని చెప్పు. క్యాన్‌లో పోసి సర్వీసు స్టేషన్‌లో ఇచ్చెయ్. చేతులకి గ్లవ్స్ వేసుకో, ఆ నల్ల ఆయిల్ చర్మానికి మంచిది కాదు.

ఫిల్టరుతో పాటు ఒక్కోసారి రెండు మూడు సైజుల రింగులిస్తారు. పాతది పారేయకుండా పక్కన పెట్టి, మందం సరిపోయేదే వెయ్యి. అనుమానమొస్తే బోల్టు బిగించకముందే ఫోన్ చెయ్యి. మధ్యాహ్నం రెండు దాటితే పడుకుంటాను, ఆలోపు.

మీ పెదనాన్న